ఎడమచెవి పైన సుడి

గంగులు కత్తిని సాన మీద నాలుగుసార్లు తిప్పి అరచేతి మీద పదును చూసుకున్నాడు. ఎదురుగా పెరట్లో, పీట మీద, కోవెల అర్చకులు యాజులుగారు గోచీతో కూచుని మెడ వంచారు. ఎనభై మూడేళ్ల మెడ. ముడతల సందుల్లో పాత గంధం, చెమట, మాగిన వాసన. పాతికేళ్లుగా గంగులు ఊపిరి బిగబట్టేది ఇక్కడే. నర్సీపట్నంలో అతను గొరగని తల లేదు, అతన్ని తలుచుకునే తలా లేదు.

నుదుటికి నీళ్లు రాసి మొదలుపెట్టాడు. ఎడమచెవి పైన, మాసిన వెంట్రుకల్లో, ఎదురు తిరిగిన ఆ సుడి మళ్లీ కనిపించింది. అలాంటి చోటు మంగలికి తప్ప మరొకరికి తెలియదు. కిందటేడు పోయిన తండ్రి అప్పలకొండ తలలోనూ సరిగ్గా అక్కడే ఉండేది. ఆ తలా తనే గొరిగేవాడు.

తండ్రి పోయాక, రెండు తలల్లో ఒకే సుడి ఏమిటన్న అనుమానంతో గంగులుకి తిండి సయించడం మానేసింది. పోయిన ఆదివారం మాకవరపాలెం నడిచి వెళ్లి, తండ్రికి పురుడు పోసిన ముసలి మంత్రసాని జోగులమ్మను అడిగాడు.

"మీ మామ్మ ఆ యాజులు పంతులోరి వాకిలి ఊడ్సేది. మొగుడు ఓడెక్కి రంగం దేశం ఎళ్లి రెండేళ్లయినాక పుట్టినాడు మీ అయ్య. ఇంకేటీ అడక్కు," అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంక అడగవలసిన మనిషి ఒక్కడే. గంగులు కత్తి ఆపాడు.

"బాబూ, మా అయ్య తల్లో కూడా ఇలాటి సుడే ఉండేదండి."

యాజులుగారు ఉలిక్కిపడలేదు. నవ్వారు కూడా.

"తెలుసురా. అందుకేగా మీ అయ్య కత్తి దించినప్పటి నుంచి నిన్నే పిలుస్తున్నాను. పరాయివాడి చెయ్యి తగిలితే నాకు కంపరం." అంటూనే వంటింట్లో ఉన్న కోడలిని కేకేశారు. "వర్ధనమ్మా, నీళ్లు కాగాయా? మంగలి మైల, తలనిండా పొయ్యాలి."

గంగులు కత్తి రాతి మీద పెట్టి, పనిముట్ల పొది చంకన పెట్టుకుని దొడ్డిదారిన వెళ్లిపోయాడు. తిన్నగా ఏట్లో దిగి, బట్టలతోనే మూడు మునకలు వేశాడు. ఒకరిని ముట్టుకున్నందుకు తాను స్నానం చెయ్యడం నలభై ఏళ్లలో అదే మొదలు. తల తుడుచుకుంటూ ఉంటే చెయ్యి ఎడమచెవి పైకి పోయింది. తడమబోయి, భయపడి తీసేశాడు.

క్షవరం సగంలో ఉంటే స్నానం లేదు. స్నానం లేనిదే ఆ ఇంట్లో ముద్ద దిగదు. ఇంకో మంగలిని పిలుస్తామంటే యాజులుగారు ఒప్పుకోలేదు, ఎండెక్కినా పీటా దిగలేదు. మధ్యాహ్నం వాళ్ల పాలేరు బాలన్న ఏటికి పరుగెత్తుకొచ్చాడు.

"మావా, బేగి రా. పొద్దున్నించి పంతులోరు మంచినీళ్లు కూడా ముట్టనేదు."

"నాను తానం సేసేసినాను బాలన్నా. మళ్లీ మైలపడనేను."

పొద్దు వాలకముందే యాజులుగారు పీట మీదే ఒరిగి ప్రాణం విడిచారు. ఆ కబురు విని గంగులు ఏడవలేదు, సంతోషించనూ లేదు. అసహ్యమొక్కటే మిగిలింది, అందులో సగం తన ఒంటి మీదే. మర్నాడు ఇంటికి తాళం పెట్టి, ఊరు వదిలి రోలుగుంట దారి పట్టాడు.

యాజులుగారి పెరట్లో రాతి మీది కత్తిని, ముట్టుకుంటే మైలని, ఆ ఇంట్లో ఎవరూ తియ్యలేదు. అంటుకున్న నెరిసిన వెంట్రుకలతోనే అది తుప్పు పట్టింది.