ప్రసూతిశాల వృత్తాంతత్రయము

వర్షావసానమున మేఘమాలికావిముక్తమై నిర్మలనీలకాంతుల నీను గగనతలము క్రింద సస్యక్షేత్రములు మందమారుతమునకుఁ దరంగములవలెఁ దూఁగుచుండఁగా శ్వేతాద్రి సంస్థానమందలి ప్రసూతిశాల మాత్రము శూన్యశయ్యలతో నిశ్శబ్దమై యుండెను. ప్రసవవేదనచేఁ దల్లులు పల్లెలయందే మరణించుచుండిరి గాని యా గడప ద్రొక్కువా రరుదైరి. దివాను పేర్రాజు దానిని ధాన్యాగారముగా మార్పఁదలఁచి అంతకు ముందు కారణమరసి చెప్పుమని విదుషీమణి భ్రమరాంబను నియోగించెను.

అంతకుఁ బూర్వమే మువ్వురు విద్వాంసులు వేర్వేరు తావులకుఁ బోయి స్త్రీల పలుకుల నాలకించి వృత్తాంతములు రచించి యుండిరి. కొండపల్లెలఁ దిరిగిన శేషావధాని దూరమే హేతువనెను. సముద్రతీరమునకుఁ బోయినవాఁడు శస్త్రభయమనెను. సాలెవాడను జూచినవాఁడు లజ్జయనెను. శేషావధాని భ్రమరాంబకు విద్యాగురువు. కావున నామెకీ కార్యము మిక్కిలి భారమయ్యెను.

ఆమె మువ్వురి సిద్ధాంతములను ప్రక్కనుంచి స్త్రీలు పలికిన మాటలనే మరల మరలఁ జదివెను. "దూరమేలే. సంతకు అంత దూరమూ పోతానే గదా. ఆ పురుటిసాలలో మాయమ్మను లోపలికి రానిస్తే నడిచే పోదును" అని కొండపడుచు పలికి యుండెను. "కత్తంటే బయమేనండి. మా అత్త సెయ్యి పట్టుకుంటే ఓర్సుకుందును. ఆవిణ్ణి గుమ్మంకాడే ఆపేశారు" అని తీరవాసిని యొకతె చెప్పి యుండెను. సాలెవాడ వనితలు మాత్రము పురుషవైద్యుని తప్ప మఱేమియుఁ బేర్కొనరైరి.

కొలువునందు భ్రమరాంబ యా మాటలను జదివి వినిపింపఁగా శేషావధాని మెల్లన "నా నిర్ణయమును ద్రోసిపుచ్చితివా యమ్మా?" అని యడిగెను.

"లేదు గురువర్యా. ఆ పడుచు తమతోఁ బలికిన తక్కిన మాటను గూడ వినుచున్నాను."

"అట్లయిన మూఁటికిని దోడులేమియే కారణమని వ్రాసెదవా?" అని దివాను ప్రశ్నించెను.

"వ్రాయను. రెండింట నది కానవచ్చుచున్నది. సాలెవాడ లజ్జ వేఱు. దాని నిందుఁ గలిపినచో ఆ స్త్రీల నోరు నేనే మూసినదాన నగుదును."

శేషావధాని తన వృత్తాంతమును గైకొని యా పుటఁ జదివి "ఈ మాటను వ్రాసితినేగాని చదువలేదు" అనెను.

బంధువులను వెలుపల నిలుపు నియమము రద్దయ్యెను. సాలెవాడ స్త్రీలకొఱకు మంత్రసానిని నియమించిరి గాని వారు చిరకాలము సంశయించుచునే యుండిరి. కొండపల్లెలనుండి మాత్రము హేమంతారంభముననే గర్భిణులు రాఁజొచ్చిరి. ఒకనాఁడు శయ్యకడఁ గూర్చుండి కూఁతురి జడముడి సవరించుచున్న కొండముదుసలి వైద్యుఁడు ప్రవేశించుట చూచియు లేవక కొంచెము జరిగి యాతనికిఁ జోటిచ్చెను.