ఏం సరుకు?

శవపేటికను ఓడలోంచి క్రేనుతో దించి సిమెంటు బస్తాల పక్కన పడేశారు. అందులో ఉన్నది తన కొడుకేనని పెద్ద హమాలీకి ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

"తెరవండి సార్. ఒక్కసారి మొహం చూసుకుంటాను."

"వీల్లేదు," అన్నాడు పేటిక వెంట వచ్చిన పటాలం ఆఫీసరు. "మీవాడు వీరుడు. గర్వపడాలి."

వీరుడట! ఇదే రేవులో తండ్రి వెనకాలే మూటలు మోసినవాడు. బక్కోడు అనేవాళ్ళు అందరూ. ఒళ్ళు బక్కదేగాని నోరు గట్టిది. లోపల ఏముందో చెప్పందే హమాలీలు ఏ పెట్టెనూ భుజానికెత్తుకోరు. యాసిడ్ అయితే ప్రాణం మీదికొస్తుంది మరి. ఆ అడిగే పని బక్కోడిదే. "ఏం సరుకు?" అని వాడు కేకేస్తే రేవంతా వినబడేది. క్రేన్లొచ్చి సగంమందికి పని పోయాక, పొట్ట చేతపట్టుకుని పటాలంలో చేరాడు. సముద్రం దాటించి ఎవరి రేవుకో కాపలా పెట్టారు.

"నాన్నా, ఇక్కడ సమ్మె చేసేవాళ్ళ భుజాల మీదా మనకున్నట్టే కాయలున్నాయి," అన్నాడు ఆఖరిసారి ఫోన్లో. "వాళ్ళని కాల్చమంటున్నారు. నాకు చేతులు రావట్లేదు."

ఆ గొడవలోనే తూటా తగిలి పోయాడన్నారు. ఎవరి తూటానో చెప్పలేదు.

"ఏడుపులు ఇంటికెళ్ళాక," కాంట్రాక్టరు కసిరాడు. "ముందు ఆ పెట్టెలెక్కించండి. ఓడ మళ్ళీ అక్కడికే పోవాలి."

బూడిదరంగు పెట్టెలు వరసగా ఉన్నాయి. ఇంతకుముందూ వచ్చాయి. దేశం పని, అడక్కూడదని కాంట్రాక్టరు గదిమితే, పెద్ద హమాలీయే తలూపి అందరిచేతా ఎత్తించాడు. అవన్నీ కొడుకున్న ఆ రేవుకే పోయాయని ఇప్పుడు తట్టిందాయనకి.

"ఏం సరుకు?" అన్నాడు. కాంట్రాక్టరు వినిపించుకోలేదు. మళ్ళీ గట్టిగా అడిగాడు.

"యంత్రాల సామాను."

"తెరిచి చూపించు."

"మతి పోయిందా నీకు?"

"ఈ పెట్టె తెరవనివ్వరు, ఆ పెట్టె తెరవనివ్వరు! మేం మనుషులమా, గాడిదలమా?"

"అన్నా, పని పోతే పిల్లలేం తింటారు?" అన్నాడొక హమాలీ వెనకనుంచి.

రేవులో ఒలికిన గింజలు ఊడ్చే అక్క చీపురు విసిరికొట్టింది. "పిల్లలే పోతున్నార్రా! కళ్ళెదురుగా పెట్టె కనబడట్లా?"

ఆ హమాలీ తల దించుకుని, వచ్చి పెద్దాయన పక్కన నిలబడ్డాడు. వాడి వెనక ఇంకొకడు, తర్వాత రేవంతా. "ఏం సరుకు?" అని అందరూ ఒక్కసారే కేకేశారు.

పోలీసులొచ్చి పెద్ద హమాలీని వ్యానులోకి నెట్టారు. జాలీ కిటికీకి మొహం ఆనించి ఆయన చూస్తూనే ఉన్నాడు. లాఠీల మధ్య నుంచే మిగతా హమాలీలు వంగి, బక్కోణ్ణి భుజాల మీదికెత్తుకున్నారు. ఆ రోజు రేవులో హమాలీలు ఎత్తింది ఆ ఒక్క పెట్టెనే. అందులో ఏముందో వాళ్ళకు తెలుసు.