పొగ లేని నిప్పులు

బొగ్గులు రాజేసింది రవిచంద్రే. విదేశంలో న్యూ లిన్ అనే ఊళ్ళో ఐదో అంతస్తు అపార్ట్‌మెంట్, అక్కడ చలికాలమైన జూలై, కిటికీ అద్దాల నిండా చెమ్మ. పురుడు పోయడానికి కాకినాడ నుంచి వచ్చిన అత్తగారు శకుంతల, బాలింత మంచం కింద కుంపటి పెట్టాల్సిందేనని వారం రోజులుగా పోరుతోంది. మొదటిరోజు సాంబ్రాణి వేస్తే అలారం మోగి బిల్డింగంతా రోడ్డు మీదికొచ్చింది. అతను విసుక్కున్నాడు. ఆవిడ రెండు పూటలు అన్నం మానేసింది. అమ్మ ముచ్చట తీరనివ్వమని, తనకీ చలిగానే ఉందని భార్య హిమజ బతిమాలింది.

పాపం, ఆవిడ ఆరాటమూ ఊరికే కాదు. కాన్పులో రక్తం బాగా పోయి హిమజ తెల్లగా పాలిపోయింది. కూతురు మళ్ళీ మునుపటి మనిషి కావాలి, ఆవిడకు అంతకుమించి అక్కర్లేదు.

ఈ గొడవ వదిలితే చాలనుకున్నాడు మహానుభావుడు. సూపర్‌మార్కెట్‌లో బార్బెక్యూ బొగ్గులు కొన్నాడు. బాల్కనీలో ఇనపమూకుడులో రాజేసి, పొగంతా పోయి కణకణలాడాక తన చేత్తోనే తీసుకెళ్ళి మంచం కింద పెట్టాడు. కిటికీ కాస్త ఓరగా తీసి ఉంచమని చెప్పాలనిపించింది. చెబితే బాలింతకు గాలి తగలకూడదంటూ ఆవిడ మళ్ళీ అందుకుంటుంది. నోరు మూసుకుని బడికి వెళ్ళిపోయాడు.

బడిలో ఈయనగారి ఉద్యోగం ఏమిటనుకున్నారు? సైన్సు మాస్టారు! ఆ ఉదయమే పిల్లలకు పదార్థాల్లో మార్పుల పాఠం చెప్పాడు. మంచుగడ్డ కరిగినా మళ్ళీ గడ్డ కట్టించవచ్చు, కాలిన బొగ్గును మాత్రం మళ్ళీ బొగ్గు చేయలేం అన్నాడు. గాలి చాలని చోట బొగ్గు కాలితే రంగూ వాసనా లేని విషవాయువు పుడుతుందనీ, అది రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమించుకుంటుందనీ బోర్డు మీద రాశాడు. రాస్తుండగానే ఇంట్లో మంచం కింద పెట్టొచ్చిన మూకుడు గుర్తొచ్చింది. క్లాసు మధ్యలో ఫోనేమిటి, బెల్లు కొట్టాక చేద్దాంలే అనుకున్నాడు.

బెల్లు కొట్టాక ఫోన్ తీస్తే అత్తగారు పంపిన ఫొటో ఉంది. హిమజ నిద్రపోతోంది. బుగ్గలు, పెదవులు గులాబీరంగులో ఉన్నాయి. ఫొటో కింద ఆవిడ గొంతు:

"చూశారా బాబూ, నా తల్లికి రంగు తిరిగింది. ఎంత హాయిగా పడుకుందో, లేపబుద్ధి కాలేదు. దిష్టిచుక్క పెట్టి తలుపేసి వచ్చాను."

ఆ విషవాయువు రక్తంలో నిండితే ఒంటికి అలాంటి రంగే వస్తుందని అతనికి తెలుసు. ఆవిడకు ఫోన్ చేసి తలుపులన్నీ తెరవమని అరిచాడు, అంబులెన్సును పిలిచాడు, తోవంతా దేవుళ్ళకు మొక్కుకుంటూ కారు తోలాడు. పసిపిల్ల హాల్లో అమ్మమ్మ ఒళ్ళో ఉండబట్టి బతికింది. హిమజ మరి లేవలేదు.

సాయంత్రం పోలీసాఫీసరు వచ్చింది. నెమ్మదస్తురాలు. శకుంతలకు ఇంగ్లీషు రాదు కాబట్టి ముందు రవిచంద్రనే అడిగింది, బొగ్గులు గదిలోకి ఎవరు తెచ్చారని, ఆ సంగతి అతనికి తెలుసా అని.

అల్లుడి పక్కనే సోఫా అంచున శకుంతల ముడుచుకుని కూర్చుంది. నా పాడు పంతమే పిల్లను చంపిందని పొద్దుటినుంచీ ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు పోయింది. రవిచంద్ర కళ్ళ ముందు ఉద్యోగం మెదిలింది, కోర్టు మెదిలింది. సైన్సు మాస్టారై ఉండీ అని రేపు లోకం ఏమంటుందో వినిపించింది. ఛీ, అప్పుడు కూడా తన గురించే ఆలోచించాడు.

"మా అత్తగారే తెచ్చారు. నాకు తెలీదు, నేను బడిలో ఉన్నాను" అన్నాడు ఇంగ్లీషులో.

ఆఫీసరు రాసుకుంది. శకుంతల అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఏమడిగింది బాబూ? నన్ను తీసుకుపోతారా?"

"లేదు అత్తయ్యగారూ. మీ తప్పేం లేదని చెప్పాను."

ఆవిడ అతని రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. "నా కూతుర్ని నేను తినేసినా, నన్ను కడుపులో పెట్టుకున్నారు నాయనా" అంది.

అతను చేతులు లాక్కోలేదు.