ఉండేవాళ్ళకే

నా భార్య ప్రమోద పోయిన మూడో నెలలో జితేంద్ర ఇల్లు అమ్మే మాట ఎత్తాడు.

జితేంద్ర ఆమె తమ్ముడు. మా దీవిలో ఆస్టినాబాద్ కొండవాలు మీదున్న ఈ స్థలం వాళ్ళ నాన్నది. పోయేముందు ఆయన దాన్ని అక్కా తమ్ముళ్ళిద్దరి పేరా రాశాడు. మేము ఇల్లు కట్టుకుని ఇన్నేళ్ళున్నా జితేంద్ర తన వాటా అడగలేదు. ఇప్పుడు అడిగాడు. టూరిస్టుల బోటు ఒకదానిలో భాగం తీసుకోవాలని, సీజన్ మొదలయ్యేలోగా తేల్చుకోవాలని అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

"బెంగళూరు కంపెనీ వాళ్ళు తిరుగుతున్నారు బావా. అటూ ఇటూ రెండిళ్ళూ వాళ్ళే తీసుకున్నారు. మనదీ ఇస్తే మూడూ కలిపి రిసార్ట్ చేస్తారంట. బేరం కూడా ఆడరు."

"మీ అక్క ఒక మాట అంది."

అతను తల వంచుకున్నాడు. ఆ మాట అతనికీ తెలుసు. చివరి రోజుల్లో ప్రమోద మంచం మీద నుంచే మా ఇద్దరికీ చెప్పింది. "నేను లేకపోతే ఈయన ఇక్కడ ఉండలేరు. అమ్మేస్తారు, అమ్మండి. కానీ ఉండేవాళ్ళకే ఇవ్వండి. పెట్టెలు ఈడ్చుకుంటూ వచ్చి, రెండు రాత్రులు పడుకుని పోయేవాళ్ళకి వద్దు."

ఆమె ఎందుకలా అందో మా వీధి చూస్తే తెలుస్తుంది. మేము వచ్చిన కొత్తలో ఈ వాలంతా పోకచెట్లు, అరటి. ఒక పక్క యర్రయ్య కుటుంబం, ఇంకో పక్క ఒక బెంగాలీ కాంపౌండరు. కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. ముందుగా ఎవరింట్లో వస్తే వాళ్ళు కేక వేసేవాళ్ళు. యర్రయ్య స్థలం అమ్ముకుని తుష్నాబాద్ వెళ్ళిపోయాడు. కాంపౌండరు కొడుకులు కోల్‌కతాలో స్థిరపడ్డారు. ఇప్పుడు ఆ ఇళ్ళకి తెల్లరంగు, అద్దాల బాల్కనీలు, గేటు మీద 'సీ వ్యూ' బోర్డులు. కరెంటు పోతే మొత్తం వాలంతా జనరేటర్ల మోత. పొద్దున్నే నీళ్ళ ట్యాంకర్లు మూలుగుతూ ఎక్కుతాయి.

ప్రమోద మంచాన పడ్డాక ఒకరోజు నేను పాఠాలు చెప్పే బడికి వెళ్ళక తప్పలేదు. గంటసేపు ఆమె దగ్గర ఎవరిని ఉండమనాలా అని వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఎదుటి బాల్కనీలోంచి ఒక అమ్మాయి నవ్వుతూ చెయ్యి ఊపింది. మంచి పిల్లే. మర్నాటి ఫెర్రీకి వెళ్ళిపోయే పిల్ల. నేనూ చెయ్యి ఊపి లోపలికి వచ్చేశాను.

"దుర్గాపూజ దాకా చూద్దాం" అన్నాడు జితేంద్ర. "ఈలోగా ఉండడానికి కొనేవాళ్ళు దొరికితే వాళ్ళకే ఇద్దాం, నాకు తక్కువొచ్చినా సరే. దొరక్కపోతే కంపెనీకి. ఠీక్ హై?"

"సరే" అన్నాను.

ఇళ్ళ బేరాలు చూసే శివాజీ నా దగ్గర తెలుగు చదువుకున్నవాడు. గలగలా మాట్లాడతాడు గాని తెలుగులో రెండు వాక్యాలు రాయలేడు. నాకు పంపే మెసేజీలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. విషయం చెప్పగానే బండి వేసుకుని వచ్చాడు.

"మాస్టారూ, ఉండడానికి వెతుకుతున్నది ఒక్క దాలయ్య భయ్యానే. బజార్లో సిమెంటు కొట్టు ఉంది కదా, ఆయన. కొట్టు మీద మేడలో ఉంటున్నారు. దుమ్ముకి వాళ్ళమ్మకి ఒకటే దగ్గు. మన సైడు చల్లటి ఇల్లు కావాలంటున్నాడు. కానీ ఒక సంగతి."

"చెప్పు."

"మనోళ్ళు కదా, మొదట అదే అడుగుతారు. మేడంగారు ఇంట్లో పోయారని మీరు అనకండి. హాస్పిటల్ అని నేను చెప్పుకుంటా. ఆప్ చుప్ రహనా, బస్."

నేనేమీ అనలేదు. శివాజీ దాన్ని ఒప్పుకోలు కింద తీసుకున్నాడు.

వాడు చెప్పింది నిజమే. ఇంట్లో ఎవరైనా పోతే మనవాళ్ళు ముందు నక్షత్రం చూస్తారు. ప్రమోద పోయినప్పుడు పంతులుగారు సమయం అడిగారు. జితేంద్రకి ఫోన్ చేసిన సమయం ఇదీ అని చెప్పాను. ఆయన దాన్నే తీసుకుని పంచాంగం తిప్పారు. ధనిష్ఠ వచ్చేసింది, ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలి అన్నారు. కాస్త ముందైతే శ్రవణమేననీ, ఏ దోషమూ ఉండేది కాదనీ కూడా అన్నారు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఎప్పుడు, ఎన్నింటికి అనే అడిగారు. ధనిష్ఠ అనగానే వరండాలోనే ఆగిపోయారు. మంచినీళ్ళిచ్చినా వద్దన్నారు. నేను ఇల్లు విడిచిపెట్టలేదు. వెళ్ళడానికి చోటు లేక కాదు. వెళ్ళాలనిపించలేదు.

ఆదివారం దాలయ్య తన భార్య జాహ్నవినీ, తల్లి అచ్చమ్మనీ తీసుకుని వచ్చాడు. నేను టీ పెట్టి సిద్ధంగా ఉంచాను.

జాహ్నవి చురుకైన మనిషి. వంటింట్లోకి వెళ్ళి, కిటికీ తెరిచి, మూసి, గట్టు మీద చెయ్యి రాసి చూసింది. "ఇక్కడ చిమ్నీ పెట్టిద్దాం. ఆ గోడ తీసేస్తే డైనింగ్ టేబుల్ పడుతుంది."

"ముందు ఇల్లు కొననీ, తర్వాత కూల్చుదువుగాని" అన్నాడు దాలయ్య.

"సిమెంటు ఎలాగూ మనదేగా!"

"కొట్టులో సరుకంతా ఇంటికే పోస్తే నేను అమ్మేదేంటి, ఇసుకా?"

అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఇంట్లో ఆ చప్పుడు విన్నాను. వీళ్ళు ఉండేవాళ్ళే అనిపించింది. ఈ వంటింట్లో చేపల పులుసు వాసన వస్తుంది. నీళ్ళు రాని రోజున ఈమె వరండాలో నిలబడి విసుక్కుంటుంది. ప్రమోద అడిగింది ఇంతే.

అచ్చమ్మ గడప దగ్గర నిలబడి నన్ను చూసింది. పెళ్ళయిన ఏడాదే శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. ఇన్నేళ్ళయినా ఆమె మాటలో ఆ యాస తగ్గలేదు.

"మాస్టరూ, మీ ఇంటామె యెక్కడ పోనాది?"

నేను నోరు తెరిచేలోపల శివాజీ అందుకున్నాడు. "హాస్పిటల్లోనే అమ్మమ్మా. ఆక్సిజన్ అదీ పెట్టి బాగా చూశారు. పాపం, ఇంటికి తేవాలనుకునేలోపే అయిపోయింది."

టీ గ్లాసుల పళ్ళెం నా చేతిలో ఉంది. ముందు దాన్ని బల్ల మీద పెట్టాలి అనుకున్నాను. పెట్టేసరికి మాట దాటిపోయింది. దాలయ్య సానుభూతిగా తల ఊపాడు. టీ బాగుందంది జాహ్నవి.

తర్వాత వెనక గదికి వెళ్ళారు. ఇల్లు వాలు మీద ఉండడంతో ఆ గది దాటాక నేల కిందికి వాలిపోతుంది. కిటికీకి ఎదురుగా చెట్ల తలలు, వాటి పైన సముద్రం ఒక గీత. ప్రమోద మంచం అలాగే ఉంది. దుప్పటి మాత్రం మార్చాను.

"ఇది అత్తమ్మకి" అంది జాహ్నవి వెంటనే. "మెట్లు లేవు, గాలొస్తుంది, బాత్రూమ్ పక్కనే."

అచ్చమ్మ తన టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, మంచం మీద కూర్చుంది. చేత్తో పరుపు నొక్కి చూసింది. బయటికి చూసింది. "బాగున్నాది. ఇక్కడైతే నాను సుకంగా పోతాను."

"అబ్బ, కొనకముందే ఆ మాటలేంటి అత్తమ్మా!"

"యేటే, ఆ సిమెంటు దుమ్ములో దగ్గి దగ్గి సావాలా?"

"నువ్వు ఇప్పట్లో పోవు లేమ్మా. యముడొస్తే అతనితో కూడా చేపలు బేరమాడతావు" అన్నాడు దాలయ్య.

మళ్ళీ నవ్వులు. శివాజీ నా వైపు చూసి, బేరం కుదిరినట్టు కళ్ళతోనే సైగ చేశాడు.

ఆమె కూర్చున్న చోటే ప్రమోద పడుకున్నది. రేపు ఈ గదిలో మంచం మారుతుంది, రంగు మారుతుంది. అవన్నీ మారవలసినవే. కానీ ఆమె ఇక్కడ పోలేదని నా ఎదుటే అన్నారు. ముక్కుకి ఏదో తగిలించిన మనిషిగా, ఏదో వార్డులో, నేను చూడని చోట ఆమెను పెట్టేశారు.

"మా ఆవిడ ఈ గదిలోనే పోయింది" అన్నాను.

శివాజీ నేల వైపు చూశాడు. జాహ్నవి గోడ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఎప్పుడండీ?"

"ఆషాఢంలో."

"నక్షత్రం?"

"ధనిష్ఠ అన్నారు."

"అంటే ఇంకా ఆరు నెలలు కాలేదు. మరి మీరు... ఇక్కడే ఉంటున్నారా?"

"ఇక్కడే ఉంటున్నాను."

జాహ్నవి బయటికి నడిచింది. దాలయ్య మొహం ఎర్రబడింది. నా మీద కోపం కాదు. "క్యా రే శివాజీ, ఆక్సిజనా? నీ నోటికి పెట్టాలిరా ఆక్సిజన్!" అంటూ వాణ్ణి తోసుకుంటూ భార్య వెనకే వెళ్ళాడు. "భయ్యా, సునో నా, ఏక్ మినిట్..." అంటున్న శివాజీ గొంతు వరండా దాకా వెళ్ళింది.

అచ్చమ్మ మాత్రం లేవలేదు.

"యెలగెల్లిపోనాది బాబూ?" అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మూడు నెలలుగా అందరూ ఎప్పుడని అడిగినవాళ్ళే. ఎలా అని ఎవరూ అడగలేదు.

"మధ్యాహ్నం నుంచి వాన" అన్నాను. "కిటికీ మూయనివ్వలేదు. జల్లు పడి పరుపు అంచు తడిసింది, అయినా వినాలంది. కొత్తగా చేరిన పిల్లలకి అక్షరాలు వస్తున్నాయా అని అడిగింది. వస్తున్నాయన్నాను. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. సాయంత్రం కరెంటు పోయి పక్కింటి జనరేటర్ మొదలైంది. ఆ మోత ఆమెకి అసలు పడదు. ఎంత నిద్రలో ఉన్నా లేచి తిట్టేది. ఆ రోజు లేవలేదు. అప్పుడు తెలిసింది."

"బాద పడ్నాదా?"

"లేదమ్మా. ఆ రోజు లేదు."

"అప్పుడే ఫోను సేసినావా?"

"లేదు. చాలాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత చేశాను."

ఆమె కళ్ళు చిట్లించి ఆలోచించింది. తర్వాత ముందుకు వంగి, గొంతు తగ్గించింది. "మరైతే అంతకు ముందే ఎల్లిపోనాది గదా. స్రవణంలోనే పోయుంటాది. పంతులుది తప్పు లెక్క. బాబూ, పొద్దుండగానే పోనాదని ఒక్క మాట సెప్పు. మా కోడలికి నాను సెప్పుకుంతాను. నాకీ గది నచ్చినాది."

ఆ మాట చాలు. ఆ ఒక్కటీ అనేస్తే ఇల్లు ఉండేవాళ్ళ చేతికి వెళుతుంది. అది అబద్ధమని కూడా ఎవరూ అనలేరు. నిజమే కావచ్చు. బయట జాహ్నవి చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. నేను కిటికీ వైపు చూశాను. వాన పడుతున్న ఆ మధ్యాహ్నాన్ని మళ్ళీ మొదటి నుంచీ తలుచుకున్నాను. చెయ్యి వెచ్చగా ఉంది, వెచ్చగానే ఉంది. తర్వాత ఎక్కడో ఒక చోట అది జరిగింది. అది ఎక్కడో నాకు దొరకలేదు. అంతకు ముందు కూడా ఎన్నోసార్లు వెతికాను.

"చెప్పలేనమ్మా" అన్నాను. "చెయ్యి పట్టుకుని ఉండి కూడా ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఇప్పుడు ఏదో ఒక సమయం చెబితే ఇక అదే ఆమె పోయిన వేళ అయిపోతుంది."

అచ్చమ్మ కిటికీ గట్టు వైపు చెయ్యి చాపింది.

"ఆ టీ ఇలగియ్యి" అంది.

గట్టు మీది గ్లాసు అందించాను. చల్లారిపోయి మీగడ కట్టింది. ఆమె దాన్ని తొందర లేకుండా మొత్తం తాగి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చింది. బయటి నుంచి "అమ్మా, రా" అని దాలయ్య పిలిచాడు. ఆమె నా మోచెయ్యి పట్టుకుని లేచింది. గేటు దాకా ఆ పట్టు వదల్లేదు.

మర్నాడు దాలయ్య ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. "అమ్మ ఆ గదే కావాలంటోంది మాస్టారూ. జాహ్నవి మాత్రం ఆరు నెలలయ్యాకైనా వద్దంటోంది. మీరేమీ అనుకోకండి." అనుకోవడానికేముంది అన్నాను.

ఆ తర్వాత జితేంద్ర ఫోన్.

"నిన్నెవరడిగారు బావా? శివాజీ చెప్పేశాడు కదా. చుప్‌గా ఉంటే అయిపోయేది. అక్క మాటే నెగ్గేది. అక్క కోరిక కన్నా నీకు నీ మాట ఎక్కువైపోయిందా?"

అతని ప్రశ్న న్యాయమైనదే. రాత్రంతా నన్ను నేను అడిగిందీ అదే. "ఆక్సిజన్ పెట్టారన్నాడు జితూ. పెట్టలేదు" అన్నాను.

అక్క పోయిన రోజు అతను క్యాంప్‌బెల్ బే నుంచి వస్తున్న ఓడలో ఉన్నాడు. సముద్రం మధ్యలో సిగ్నల్ అందిన ఒక్క నిమిషంలో నా మాట విన్నాడు. వచ్చేసరికి అన్నీ అయిపోయాయి.

"ఇక పూజ దాకా ఆగి లాభం లేదు. సోమవారం కంపెనీ వాళ్ళని తీసుకొస్తాను" అన్నాడు చివరికి.

"వాళ్ళకీ చెప్పు."

"ఏమని?"

"మీ అక్క ఈ ఇంట్లో పోయిందని."

"వాళ్ళకి పట్టదు బావా."

"పట్టకపోనీ. చెప్పు."

సోమవారం ఒక యువకుడు, ఒక అమ్మాయి వచ్చారు. శుభ్రమైన బట్టలు, నెమ్మదైన మాట. గుమ్మం బయట బూట్లు విప్పి లోపలికి వచ్చారు. జితేంద్ర హాల్లో నిలబడి, గొంతు సవరించుకుని, హిందీలో చెప్పాడు. "మేరీ దీదీ ఇసీ ఘర్ మే గుజరీ హై. ఉస్ కమరే మే." అంటూ వెనక గది వైపు చెయ్యి చూపించాడు.

యువకుడు అటు చూసి, మళ్ళీ మా ఇద్దరినీ చూసి, చాలా మర్యాదగా తల వంచాడు. "కోయీ బాత్ నహీ, సర్." పరవాలేదట.

తర్వాత ఆ గదిలోకి వెళ్ళి, చేతిలోని చిన్న కొలత యంత్రాన్ని గోడకి ఆనించాడు. ఎదుటి గోడ మీద ఎర్రటి చుక్క పడింది. అతను కొలతలు పైకి చెబుతుంటే అమ్మాయి ఫోన్‌లో ఎక్కించుకుంటోంది.

జితేంద్ర హాల్లోనే గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. నేను వెళ్ళి అతని పక్కన నిలబడ్డాను.

"బావా" అన్నాడు తిరగకుండానే, "ఆ రోజు అక్క ఏమైనా అందా?"

"రా, వరండాలో కూర్చుందాం" అన్నాను. "చెబుతాను."