అడ్డగీత లేని ఏడు

మా తోడికోడలు మంచిది. ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఎవర్ని కదిపినా ఇదే మాట. మంచిది, ఓపిక గలది, నెమ్మదస్తురాలు. వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. మరి నేనో? నేను పెద్ద కోడల్ని. అంతే, నా గురించి ఇంకెవరూ ఏమీ అనరు.

మా ఇంటి ముందు భాగమంతా మామయ్య వెల్డింగ్ షెడ్డు. పెళ్ళయిన ఆరు నెలలకే తోలు గ్లౌజులు తొడుక్కుని ఆయన పక్కన నిలబడ్డాను. ఇప్పటికి పద్నాలుగేళ్ళు. గేట్లు, మెట్ల కడ్డీలు, నీళ్ళ ట్యాంకులకి స్టాండ్లు, బరువైన ఇనుము ఏదైనా సరే నా చేతిలో పడితే దారికి రావాల్సిందే. మూరెడు అతుకు ఒక్క ఊపులో లాగేస్తాను. మధ్యలో ఆగడం నాకు తెలియదు.

నా ప్రాణానికి వచ్చిపడింది మాత్రం పల్చటి రేకు. దానికి వేడి తగిలితే ఉబ్బుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. వేడంతా ఒకేచోట పెట్టామా, తడిసిన అట్టలా వంకర తిరిగి కూర్చుంటుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసినా చెయ్యి ఆగదు.

మూడేళ్ళ కిందట చిన్నది కోడలిగా వచ్చింది. అంతకుముందు బస్సులకి బాడీలు కట్టే చోట పనిచేసిందట. వచ్చిన వారానికే షెడ్డులోకి దిగింది. రేకు వెనక రాగి పట్టీ బిగించింది, వేడిని అది లాగేసుకుంటుందని. తర్వాత సుద్దముక్క తీసి, అతుకు పడాల్సిన చోటల్లా అంకెలు రాసింది. ఒకటి ఈ మూల, రెండు ఆ మూల, మూడు నడుమ. ఏడు రాస్తే దాని నడుం మీద ఒక అడ్డగీత కూడా గీస్తుంది, వయ్యారంగా. బొటనవేలంత అతుకు వేస్తుంది, ఆగుతుంది, అవతలి చివరికి పోతుంది. అక్కడ ఇంకొకటి వేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఆ నిదానం చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అంతా అయ్యాక రేకు చదునుగా, నీట్‌గా ఉండేది. అప్పుడు ఇంకా మండేది.

మామయ్యకి చూపు బాగా తగ్గింది. రేకు మంచిచెడ్డలు ఇప్పుడు చెవితోనే తేలుస్తారు. వేలి కణుపుతో కొడతారు. చదునుగా ఉంటే గట్టిగా పలుకుతుంది, ఉబ్బి ఉంటే 'డబుక్' మంటుంది. చిన్నది చేసినవన్నీ పలికేవి. నావి ఎప్పుడు కొట్టినా డబుక్కే.

"దాన్ని చూసి ఎందుకే అంత ఏడుస్తావు?" అన్నాడు మా ఆయన ఒకరోజు, రేకు కత్తిరిస్తూ.

"నేనా? ఏడుస్తున్నానా? నా మొహంలో ఏడుపు కనిపిస్తోందా నీకు?"

"మొహం సంగతి సరే, నువ్వు చేసిన గేట్లు కూడా మూతి ముడుచుకునే ఉంటున్నాయి."

సుత్తి చూపించాను. నోరు మూసుకున్నాడు. కానీ మాట నిజమే. దాని రాగి పట్టీ చూస్తే ఏడుపు, దాని సుద్దముక్క చూస్తే ఏడుపు. "ఎలా చేస్తున్నావే?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే నేను పెద్దదాన్నెలా అవుతాను? అది నా బల్ల పక్కన పడి ఉన్న చిత్తు రేకుల మీద కూడా ఊరికే అంకెలు రాసి పెట్టేది. సాయంత్రం ఊడ్చేటప్పుడు వాటిని తడిగుడ్డతో తుడిచిపారేసేదాన్ని. అలా తుడుస్తుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఇంతలో ఒక ఆసుపత్రి మందుల గదికి ఇనప అలమారాల పని వచ్చింది. ముందు ఒక్క తలుపు చేసి చూపించాలి. పల్చటి రేకు, వెనక చుట్టూ పట్టీలు, మొత్తం పన్నెండు అతుకులు. రేకు ఒక్క చోట ఉబ్బినా తలుపు మూసుకోదు.

పొద్దున టీ తాగుతూ మామయ్య అన్నారు: "ఈ నెలతో నేను మానేస్తాను. కళ్ళు సహకరించట్లేదు. ఈ తలుపు సరిగ్గా చేసినవాళ్ళకే ముందు బల్ల. నా వెల్డింగ్ టార్చి కూడా వాళ్ళదే."

ముందు బల్ల అంటే షట్టరు పక్కది. పనికోసం వచ్చినవాళ్ళు మొదట మాట్లాడేది ఆ బల్ల దగ్గరున్న మనిషితోనే. పద్నాలుగేళ్ళుగా వెనక బల్ల దగ్గర నిలబడి, ఆ బల్ల మీదే కళ్ళు పెట్టుకుని బతికాను. రేకు పని అన్నారంటే ఇక చిన్నదాని చేతికే అని అర్థమైపోయింది. అది అప్పటికే ఆ రేకుని ముందు బల్ల మీద బిగించి, పన్నెండు అంకెలూ రాసేసింది. టీ సగంలోనే వదిలేశాను.

మధ్యాహ్నం అందరూ భోజనానికి లోపలికి వెళ్ళారు. చేతులు కడుక్కొస్తానని నేను వెనకబడ్డాను. తడిగుడ్డ తీసుకున్నాను. ఐదు నుంచి చివరిదాకా ఉన్న అంకెలు తుడిచేసి, నా ఇష్టమొచ్చినట్టు మళ్ళీ రాశాను. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, నాలుగూ వరసగా ఒకే మూలకి. ఆ నాలుగూ గబగబా పడితే ఆ మూల ఉబ్బక ఏం చేస్తుంది? చూద్దాం, దీని మంచితనం ఎంతసేపు పలుకుతుందో. లోపలికి వెళ్ళి ఎప్పటికంటే రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

భోజనాలయ్యాక అందరం ముందు బల్ల చుట్టూ చేరాం. చిన్నది గ్లౌజులు తీసుకుంది. తీసుకుని, తిన్నగా వచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వు చెయ్యక్కా."

"నేనా?"

"నువ్వే. పొద్దున్నే మామయ్యని అడిగాను. ముందు బల్ల నీది. రేకు ఒక్కటే కదా నీకు కుదరనిది, అంకెలు చూసుకుంటూ వేస్తే అదీ కుదురుతుంది."

"మరి నువ్వు రాసుకున్నావు కదా ఇవి?"

"నాకెందుకక్కా అంకెలు?" నవ్వింది. "చేతికి అలవాటైపోయింది. మూడేళ్ళ నుంచి నీ కోసమే రాస్తున్నాను. నోటితో చెప్తే కోప్పడతావని. నువ్వేమో రోజూ తుడిచేస్తావు."

మామయ్య పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మా ఆయన, మరిది ఇద్దరూ నన్నే చూస్తున్నారు. అసలు వరస ఏమిటో గుర్తు తెచ్చుకుందామంటే ఒక్క అంకె గుర్తు రాలేదు. చూడకుండానే తుడిచాను కదా!

సిగ్గుపడాల్సింది. సిగ్గు రాలేదు, కోపం వచ్చింది. ముందు బల్ల నాకు ఇది దానం చేస్తుందా? పద్నాలుగేళ్ళు నేను మసి మింగింది దీని దయ కోసమా? హెల్మెట్ దించాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అవి అది రాసినవే, చక్కగా పడ్డాయి. ఐదు దగ్గర చెయ్యి ఆగింది. నా జన్మలో మొదటిసారి ఆగింది. ఇక్కడ ఆపి చెప్పేయొచ్చు. కానీ బుర్రలో ఇంకో లెక్క తిరిగింది. అంకెలు రాసింది చిన్నది. తలుపు చెడితే పేరు పోయేది దానిదే, బల్ల ఎలాగూ నాదే. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, ఒక్క ఊపులో లాగేశాను. మిగతా నాలుగూ కూడా వేసేశాను.

రేకు చల్లారింది. మామయ్య లేచి వచ్చి ఆ మూల వేలితో కొట్టారు.

డబుక్.

"ఏమైందమ్మా?"

"అంకెల ప్రకారమే వేశాను మామయ్యా," అన్నాను.

చిన్నది వంగి చూసింది. దాని వేలు ఏడు మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. ఆ ఏడుకి అడ్డగీత లేదు. అన్నీ మార్చినదాన్ని, ఆ గీత గియ్యడం మర్చిపోయాను. అది తలెత్తి నా వైపు చూసింది. ఒక్క క్షణమే. తర్వాత మామయ్య వైపు తిరిగింది.

"పొరపాటు నాదే మామయ్యా. తొందరలో రాశాను."

అంతే. నేను బతికిపోయాను. తలుపు దాని లెక్కలోకి పోయింది, నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. కానీ అది తలవంచుకుని నిలబడిన తీరు, మరిది దాని భుజం మీద చెయ్యి వేసిన తీరు, మామయ్య "పోనీలేమ్మా" అన్న తీరు చూశాక నా కడుపు భగ్గున మండింది. నా తప్పు మీద కూడా మంచి పేరు ఇదే కొట్టేస్తుందా? ఇది కూడా దీనికేనా?

"దానిదేం కాదు!" అని అరిచాను. "నేనే మార్చాను! మీరంతా తినడానికి వెళ్ళినప్పుడు నేనే తుడిచి రాశాను. చూడండి, దాని ఏడుకి గీత ఉంటుంది, దీనికి లేదు. ఇది ఏడు కాదు మామయ్యా, నా ఏడుపు!"

మామయ్య తిట్టి ఉంటే బాగుండేది. టార్చి తీసి, గొట్టం నెమ్మదిగా చుట్ట చుట్టి, చిన్నదాని చేతిలో పెట్టారు.

"వద్దు మామయ్యా, అక్కకే..."

"తీసుకోమ్మా." నా వైపు తిరిగారు. చూపు సరిగ్గా ఆననట్టు కాసేపు నా మొహాన్నే వెతికారు. "తలుపు అటూ ఇటుగా వచ్చినా నీకే ఇద్దామనుకున్నాం పెద్దమ్మాయ్. నేనూ చిన్నదీ ఇద్దరం అనుకునే ఉన్నాం."

గ్లౌజులు బల్ల మీద పెట్టి, వెనక బల్ల దగ్గరికి నడిచాను. ఆ పది అడుగులూ నాకు ఎంతకీ తరగలేదు.

ఆసుపత్రికి ఇంకో తలుపు చిన్నదే చేసింది. అది బ్రహ్మాండంగా మూసుకుంది, పనంతా మాకే వచ్చింది. చెడిన తలుపుని మా ఆయన నా బల్ల వెనక పనిముట్ల అలమారాకి బిగించాడు. పారేయమన్నాను, వినలేదు. పొద్దున్నే సుత్తి కోసం తీస్తే డబుక్ మంటుంది. ముందు బల్ల దగ్గర చిన్నది తలెత్తి, నాకు సిగ్గు కలగకూడదని మళ్ళీ పనిలోకి దించుకుంటుంది. ఆ మంచితనాన్ని చూసి ఇప్పటికీ ఏడుస్తూనే ఉన్నాను.

నిన్న దాని దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఒకటి ఎక్కడ మొదలెట్టాలే?" అని. సుద్దముక్క నా చేతికిచ్చి, పక్కన నిలబడి చెప్పింది. పన్నెండు అంకెలూ నేనే రాసుకున్నాను. ఒక్కొక్కటే వేశాను, ఒక్కొక్కదానికీ ఆగాను. మామయ్య వచ్చి కొడితే రేకు పలికింది.

ఏడుకి మాత్రం అడ్డగీత పెట్టలేదు.