తాళ్ళు ఎక్కించని చొక్కా

ఉడికిన బట్టల ఆవిరి కిటికీ అద్దాన్ని మసకబారుస్తుండగా కుట్టత్త మిషను తొక్కుతూనే ఉంది. ప్రసూతి ఆసుపత్రి వెనుకగదిలో పుట్టబోయే పిల్లలకు చొక్కాలు కుట్టడమే ఆమె కొలువు. మెడ, చేతులు, అంచు అన్నీ ముగించేది. కట్టుతాళ్ళు మాత్రం ఎక్కించేది కాదు. పక్కగదిలో బిడ్డ ఏడుపు వినిపించాకే, దేవునికొక నమస్కారం చేసి, తాళ్ళు దూర్చేది. ఆమె నెరిసిన జుట్టునిండా తెల్లని దారపు పోగులే.

మధ్యాహ్నం మేనకోడలు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఏమే, లోపలికి రావడానికి బొట్టుపెట్టి పిలవాలా?”

“మూడో నెలత్తా. రేపు తీయించుకుంటున్నా. తిడతావని తెలిసే వచ్చా.”

మిషను ఆగింది.

“తన తరఫున మాట్లాడుకోవడానికి దానికి నోరు లేదే తల్లీ.”

“నా తరఫున మాట్లాడేదెవరు? ఆయన ఉద్యోగం పోయింది. పెద్దదానికింకా నడకే రాలేదు. నీ భక్తి పాలసీసా నింపుతుందా?”

కుట్టత్తకు నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది. తాను కడుపులో ఉన్నప్పుడు అమ్మ గర్భం పోయే మందుకోసం బయలుదేరితే, నాయనమ్మ గడపకడ్డంగా కూర్చుని, “కను. పెంచేది నేను” అందట. అన్నమాట నిలుపుకుంది కూడా. ఆ ముసలి ఒడి వెచ్చదనం, నిద్రమత్తులో చెవినిపడిన పద్యాలు, భుజాలదాకా కప్పిన మెత్తని దుప్పటి... తన బాల్యమంతా ఆ ఒక్కమాట పెట్టిన భిక్ష.

“తిట్టనే. అది దేవుడిచ్చిన ప్రాణమని నా నమ్మకం. ఆ నమ్మకం నాదైనప్పుడు బరువంతా నీ నెత్తినే పెడితే ఎలా? నువ్వు కను. పెంచేది నేను. మిషనుతో సహా మీ ఇంటికొచ్చేస్తా.”

“నీ గురకకి పిల్ల నిద్రపోతుందా?”

“నా గురకే దానికి జోలపాట!”

ఇద్దరూ నవ్వారు. మేనకోడలు కళ్ళు తుడుచుకుని, “సాయంత్రం వచ్చి చెప్తా” అని వెళ్ళిపోయింది.

కుట్టత్త సంచి అడుగున దాచుకున్న నాయనమ్మ దుప్పటి ముక్కను తీసింది. వెలిసిపోయిన నీలం. దానితో ఒక చొక్కా కుట్టి, అంచు నిమిరి, అలసటగా మిషనుమీద తల వాల్చింది.

పొద్దువాలేవేళకు మేనకోడలు వచ్చేసరికి ఆయా గుమ్మంలో ఏడుస్తోంది.

“కునుకు తీస్తోందనుకున్నానమ్మా. ఇప్పుడే లేపబోయా...”

మేనకోడలు చల్లబడిన అత్త చేతిని పట్టుకుని చాలాసేపు కూర్చుంది. పెంచుతానన్న మనిషి లేదు. ఆ మాట మాత్రం గదిలోనే ఉంది.

ఆయా నీలం చొక్కా అందుకుంది. “కుడుతూ చెప్పింది, మీ బిడ్డకోసమేనట. తాళ్ళు ఎక్కించి ఇవ్వనా?”

“వద్దు. ఏడుపు వినిపించాక నేనే ఎక్కిస్తా.”

మిషను బల్లమీద, దారపురీలు పక్కన, రెండు తెల్లని తాళ్ళు ఒద్దికగా చుట్టి ఉన్నాయి.