వంకాయ రంగు చేప

మా అత్తయ్య కంప్యూటర్ వయసులో మా ఆయన కన్నా పెద్దది. చెప్పిన మాట వినడంలో కూడా.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో మెకానిక్కుగా చేరిన కొత్తలో ఆవిడ కొనుక్కుంది. లావుపాటి కీబోర్డు, కంప్యూటరంతా దాని కడుపులోనే. పక్కన చిన్న కలర్ మానిటర్. రిటైరయ్యాక దానికో ప్రోగ్రామ్ సొంతంగా రాసుకుంది. తెర నిండా నీలం నీళ్ళు, అందులో ఒకే ఒక్క నారింజ చేప.

"మేత అడగదు, ఎదురు చెప్పదు. ఈ ఇంట్లో అలాంటిది ఇదొక్కటే," అనేది నా వైపు చూస్తూ.

మొన్నామధ్య ఓ పొద్దున ఆ చేప కుడివైపు పైమూలకి వెళ్ళేసరికి వంకాయ రంగైపోయింది. వెనక్కొస్తే మళ్ళీ నారింజ.

నాకు వెంటనే అర్థమైంది. సరిగ్గా ఆ మూల మీద, మానిటర్ నెత్తిన, నా గుండుసూదుల గిన్నె ఉంది. సూదులు చెల్లాచెదురు కాకుండా దాని అడుగున అయస్కాంతం ఉంటుంది. కుట్టుమిషన్ బల్ల మీద చోటు చాలక ముందురోజు రాత్రే అక్కడ పెట్టాను. డిగ్రీలో ఫిజిక్సు చదివినదాన్ని నేను.

అత్తయ్య కళ్ళజోడు కోసం లేచింది. ఆవిడ తిరిగొచ్చేలోగా గిన్నె నా ఒళ్ళోకి చేరింది. తెర మూలన ఆ రంగు మచ్చ మాత్రం కదల్లేదు. అయస్కాంతం పోయినా దాని గుణం పిక్చర్ ట్యూబుకి అంటుకునే ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది.

చెబుదామని నోరు తెరిచాను. ఈలోపు ఆవిడే అంది.

"నిన్న కంప్యూటర్ వెనక సాకెట్ వదులైందని సోల్డరింగ్ చేశాను కదే. చెయ్యి వణికింది. పక్కనున్న చిప్‌కి సెగ తగిలుంటుంది. చేజేతులా చంపుకున్నాను."

ఆవిడ కుడిచెయ్యి ఏడాదిగా వణుకుతోంది. తప్పు తనదేనని అంత గట్టిగా అంటున్న మనిషికి అడ్డురావడం మర్యాద కాదనిపించింది. నా మర్యాద అలాంటిది.

సాయంత్రం వీధి చివర రేడియోలు బాగుచేసే ఆయన్ని ఇంటికి పిలిచి తన సోల్డరింగ్ ఐరన్ ఇచ్చేసింది. "నా చేతులకి ఇక దీంతో పని లేదు నాయనా," అంది. ఆయన వద్దు వద్దంటూనే తీసుకున్నాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు పొద్దున టీ కూడా నన్నే కప్పులో పొయ్యమంది. "నేను పోస్తే ఒలుకుతుందిలే."

అంతవరకూ ఆవిడే పోసుకునేది. ఒలికితే తుడుచుకునేది. టీ పోసిచ్చి మానిటర్ దగ్గరికి నడిచాను.

"అత్తయ్యా, మానిటర్‌కి మన పాత వీడియో ప్లేయర్ తగిలించి చూద్దామా? తప్పు దేనిదో తేలిపోతుంది."

"లైను మార్చి చూడండ్రా అని ఎక్స్‌ఛేంజిలో అన్నేళ్ళూ అందరికీ చెప్పింది నేనే. అనుమానం ఉన్నప్పుడు మార్చి చూడాలి. నాకు అనుమానమెక్కడుంది?" అని తన చేతినే చూసుకుంది.

నేనే కేబుల్ మార్చాను. చేతికందిన టేపు మా ఆయన చిన్నప్పటి ఈత పోటీలది. ఆయన నిక్కరేసుకుని గట్టు మీద నడుస్తూ కుడి మూలకొచ్చేసరికి మొహం నిగనిగలాడే వంకాయైంది. పేపరు చదువుకుంటున్న మా ఆయన తలెత్తి, "నాకేమైందే?" అన్నాడు.

అత్తయ్య ముందుకి వంగింది. "కంప్యూటర్ లేకుండానే మచ్చ. అంటే మానిటర్‌దే." నా వైపు తిరిగి, "దీని దగ్గరికి అయస్కాంతం ఎవరు తెచ్చారు?"

నేను లేచి వెళ్ళి సూదుల గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఈసారి మానిటర్‌కి దూరంగా.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"చేప రంగు మారినప్పట్నుంచి."

"నా చేతిని నేను తిట్టుకుంటుంటే వింటూ కూర్చున్నావా?"

"ఊ," అన్నాను.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఆ కుడిచేత్తోనే ఓ సూది తీసి, మళ్ళీ గిన్నెలో పెట్టింది.

"రేడియో ఆయన దగ్గర గుండ్రటి కాయిల్ ఉంటుంది. తెర ముందు తిప్పితే మచ్చ పోతుంది. అడిగి పట్రా. నా ఐరన్ కూడా. ఎందుకిచ్చానో నేను చెప్పాను. ఎందుకు తిరిగి అడుగుతున్నానో నువ్వు చెప్పు."

దుకాణంలో బెంచీ నిండా జనం. ఆయన ఆ ఐరన్‌తోనే ఏదో అతుకుతున్నాడు.

"కాయిల్ ఎందుకమ్మా?"

"మానిటర్ మీద ఎవరో అయస్కాంతం పెట్టారండీ."

"ఎవరో అంటే?"

బెంచీ మొత్తం నా వైపు తిరిగింది.

"నేనే. అత్తయ్య వేసిన అతుకు బాగానే ఉందండీ. ఆ ఐరన్ ఆవిడకి తిరిగి కావాలి."

ఆయన కాయిల్ తీసి బల్ల మీద పెట్టాడు. "ఆవిడ ఈ ఐరన్ ఇచ్చేస్తున్నప్పుడు మీరక్కడే ఉన్నారు కదమ్మా?"

"ఉన్నాను."

ఆయన ఐరన్ ప్లగ్గు తీసి స్టాండులో పెట్టాడు. "కాలుతోంది. చల్లారనివ్వండి."

బెంచీ మీద ఒకాయన జరిగి చోటిచ్చాడు. నేను కూర్చోలేదు. అది చల్లారేదాకా అందరి ముందూ అలాగే నిలబడ్డాను.